గుడి ముందు వదిలేసిన బూట్లు

శనివారం

రేపు తెల్లవారుజామున సావనదుర్గ కొండ ఎక్కాలి. సాయంత్రం చూస్తే చెప్పుల స్టాండులో నా ట్రెక్కింగ్ బూట్లు లేవు. పోయిన నెల కొండ దిగుతుంటే నా కాలు బెణికిందని, అత్తమ్మ వాటిని శనీశ్వరుడి గుడి ముందు వదిలేసి వచ్చిందట.

"ఆ బూట్లకి శని పట్టిండాదమ్మా. నీ మేలుకే విడిచేసి వస్తిని" అంది, ఏదో పుణ్యం చేసినట్టు.

రెండేళ్ళు తొడిగితే గానీ నా పాదాలకు కుదరని బూట్లవి. తడిసిన ప్రతిసారీ లోపల న్యూస్‌పేపర్లు కుక్కి, నీడలో ఆరబెట్టుకున్నాను. నేను పరుగెత్తి వెళ్ళేసరికి గుడి ముందు తెగిన చెప్పులే మిగిలాయి.

ఆమెను స్కూటర్ మీద గుడికి తీసుకెళ్ళింది మా ఆయనే. "కొత్తవి కొనుక్కో, ఏముంది?" అన్నాడు. కొత్త బూట్లతో కొండెక్కితే మడమలు బొబ్బలెక్కుతాయని ఆయనకేం తెలుసు? వంటింట్లోంచి అత్తమ్మ అందుకుంది: "ఈపొద్దు వద్దప్పా, శనివారం చెప్పులు కొనకూడదు."

మూడేళ్ళుగా ఆయనకు ప్రమోషన్ లేదు. ఆయన ఆఫీసు బూట్లు మాత్రం పాలిష్‌తో మెరుస్తూ స్టాండులోనే ఉన్నాయి. వాటికి ఏ శనీ పట్టలేదు.