నిండు నిమిషం

తమ్ముడికి,

నీ రోగి ఇంకా బతికే ఉన్నాడు. నా కోడలు నర్సు పరీక్ష రెండోసారి తప్పిన రోజున, "నిమిషమంతా గుండె చప్పుడు లెక్కపెడుతూ కూర్చుంటే రోగి ముసలాడైపోతాడమ్మా" అన్నావు, పెద్ద డాక్టరువి కదా.

నువ్వు రాసిచ్చిన గుండె మాత్ర నిన్న నాకు ఇచ్చేముందు, కోడలు నా గుండె చప్పుడు నిండు నిమిషం లెక్కపెట్టింది. యాభై రెండు. "అరవై లోపుంటే ఇవ్వకూడదు మామయ్యా" అంటూ మాత్ర పక్కనపెట్టి, నేను తిడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆ మందు ఒంట్లో ఎక్కువైపోయిందట. ఇంకొక్కటి మింగితే ప్రాణం మీదికి వచ్చేదన్నారు.

మూడోసారి పరీక్ష రాయనంటోంది. దరఖాస్తుకు శుక్రవారమే గడువు. ఆ దరఖాస్తు నువ్వే తెచ్చి, రాయమని నువ్వే అడుగు. నేను అడగలేను. ఆ రోజు నీ మాటకు అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

నీ అన్నయ్య