అటొకరు, ఇటొకరు

అన్నయ్యకు,

ఇక్కడ నాన్న క్షేమం, అమ్మ క్షేమం. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. జ్వరమేమోనని కంగారుపడకు, నీ ఉత్తరం చదివాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నాన్నకు దగ్గు తగ్గింది. మెడలో టేపు వేసుకుని మళ్లీ కుట్టుమిషను ముందు కూర్చుంటున్నారు. టేబుల్ ఫ్యాను బాగైందా అన్నావు. ఆ సంగతి చివర్లో చెబుతాను. కాలేజీలో ఏం చెబుతున్నారన్నావు. మొన్న వినిమయం గురించి చెప్పారు. ఎంత చక్కని మాటో! దారంతా పైకే అనుకుంటూ ఇంటికొచ్చాను. ఒకటిచ్చి ఒకటి పుచ్చుకోవడం మనిషికి పుట్టుకతో వచ్చిన బుద్ధి అని పాతకాలపు ఆర్థికవేత్తలు అనుకున్నారట. ఏ పిచ్చుకా పుల్ల ఇచ్చి గింజ అడగదు. మనిషి అడుగుతాడు. అందుకే నాన్న రోజంతా బట్టలే కుట్టగలుగుతున్నారు, నువ్వు ఓడలకు వెల్డింగే చేయగలుగుతున్నావు. వింటుంటే మనిషిగా పుట్టినందుకు గర్వమేసింది.

ఆ సాయంత్రమే నీ ఉత్తరం వచ్చింది. సెలవులో వచ్చినప్పుడు నీ కాలిన చేతికి కట్టు కట్టిన నర్సును ప్రేమించావు, సంతోషం. "మా పిల్లనిస్తాం, మీ పిల్లను ఫ్యాన్ల వైండింగ్ షాపు నడిపే మా అబ్బాయికివ్వండి" అని వాళ్లమ్మ అంటే "అలాగేనండీ" అన్నావట! కుండమార్పిడి!

నాన్న చదివి, "అటొకరు, ఇటొకరు. లెక్క సరిపోయింది" అని కత్తెర కింద పెట్టారు.

"దాన్నొక మాట అడగండి," అంది అమ్మ.

"దానికేం తెలుసు, చదువుకుంటోంది."

మర్నాడు క్లాసులో లేచి నిలబడ్డాను. "మాస్టారూ, చేతులు మారే వస్తువు ఏమనుకుంటుందో ఎవరైనా రాశారా?"

అందరూ నవ్వారు. "వస్తువుకు నోరుండదమ్మా," అన్నారాయన.

"ఉంటే?"

"అప్పుడది వస్తువు కాదు. బేరంలో కూర్చున్న మూడో మనిషి."

అన్నయ్యా, తనది తానిస్తేనే ఇవ్వడం. నీ వాచీ ఇచ్చుకో, నీ సైకిలిచ్చుకో. నన్నెవరి సొత్తనుకుని ఇచ్చావు? నీ పెళ్లికి చిల్లర తక్కువైతే జేబులో నేను దొరికానా?

ఇక ఫ్యాను. అది మొదటిసారే బాగైంది. ఆ తర్వాత ప్రతిసారీ తీగ నేనే పీకి ఆ వైండింగ్ షాపుకే తీసుకెళ్లాను. ఆయన విప్పి చూసి, "మీ ఇంట్లో ఎలుకలు మహా తెలివైనవండీ, ఎప్పుడూ ఒకే తీగ కొరుకుతాయి" అనేవాడు, నవ్వాపుకుంటూ. అవును, ఆయనంటే నాకిష్టం. ఎవరూ చెప్పకుండానే ఇష్టం. నువ్వు నోరు మూసుకుని ఉంటే ఏదో ఒకరోజు నా అంతట నేనే "సరే" అనేదాన్ని. ఇప్పుడు "సరే" అంటే, అన్న పెళ్లి కోసం ఒప్పుకుందంటారు. ఆయనా జీవితాంతం అలాగే అనుకుంటాడు. నా నోటి మాట నాకు దక్కకుండా చేశావు కదరా!

నా షరతు విను. చెల్లెలు ఈ బేరంలో లేదని వాళ్లమ్మకు నువ్వే రాయి. "అయితే మా పిల్లనివ్వం" అని ఆవిడంటే, నర్సమ్మనూ నిలబడమను, నువ్వూ నిలబడు. నీ పెళ్లి తేలేదాకా నేనెవరికీ ఔననను. తేలాక ఆయన రావాలి, నాన్న దగ్గరికి కాదు, నా దగ్గరికి.

ఫ్యాను ప్రస్తుతం చక్కగా తిరుగుతోంది. తీగ ముట్టుకోవడం మానేశాను.

ఇట్లు,
ఎవరికీ బదులు కాని నీ చెల్లెలు