నా వంతు తేనె

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నేనూ, నీ కోడలూ ఒంటి నొప్పులు తప్ప వేరే బాధ లేకుండా ఉన్నాం. అక్కడ నువ్వు, చెల్లి, మేనకోడలు, దాని చంటివాడు కులాసా అని తెలిస్తే ఇంకాస్త బాగుంటాం. ఫోనులో నీకు సగం వినపడదు, వినపడిన సగం నువ్వు ఒప్పుకోవు. అందుకని రాస్తున్నాను. కళ్ళజోడు తుడుచుకుని కూర్చో. ఇది నువ్వే చదవాలి. చెల్లి చేత చదివించుకోకు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. నీ కోడలి కంటి పొర తీసేశారు. ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోందట. ఇల్లు ఇంత మురికిగా ఉందని ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నన్ను తగులుకుంది. నువ్వు అల్లి పంపిన మఫ్లరు అందింది. ఇద్దరం చెరో కొసా చుట్టుకునేంత పొడుగుంది. నా మోకాలు మెట్లెక్కేటప్పుడు పట్టేస్తోంది, దిగేటప్పుడు వదిలేస్తోంది. ఏదో ఒక పూట పని చేస్తోంది కదా అని ఊరుకున్నాను.

ఫ్యాక్టరీ క్యాంటీనులో ఒక్కొక్కరికి ఒక్కో రకం తిండి పెడుతున్నారట, మీకేమైనా పిచ్చి పట్టిందా అని రాశావు. నిజమే పెడుతున్నాం. ఇరవై రెండేళ్ళుగా మూడు వందల మందికి ఒకే గిన్నెలో వండి, ఒకే గరిటెతో వడ్డించినవాణ్ణి. ఇప్పుడు నా ముందు ఏడు గిన్నెలున్నాయి. జనం ఊరికే జబ్బుపడి సెలవులు పెడుతున్నారని యాజమాన్యం ఒక ఆహార నిపుణురాలిని తీసుకొచ్చింది. దర్జీ చొక్కాకి కొలతలు తీసినట్టు ఆమె అందరి నడుములూ కొలిచింది, రక్తం తీయించింది, తాతలేం తినేవారో అడిగి రాసుకుంది. ఎవరి ఒళ్ళు దేన్ని అరాయించుకోగలదో చూసి వాళ్ళకు ఒక రంగు చీటీ ఇస్తుంది. ఆ చీటీ చూసి నేను గిన్నె ఎంచుకోవాలి. చేతిలో ఎప్పుడూ చిన్న తూకం మిషను ఉంటుంది కనుక సరుకులెత్తేవాళ్ళు ఆమెకు తక్కెడ మేడం అని పేరు పెట్టారు. ఆమెకు ఆ సంగతి తెలుసు. పట్టించుకోదు.

మొదట్లో మాకు అదంతా వేడుకే. గున్న అని మేం పిలిచే లోడింగు మనిషి ఉన్నాడు, తలుపులో అడ్డంగా పట్టడు. వాణ్ణి అడిగింది, “మీ తాతముత్తాతలు ఏం తినేవారు?” అని.

“దొరికింది తినేవారు మేడం. దొరకనినాడు పస్తు. పస్తుకి ఏ రంగు చీటీ ఇస్తారు?”

“నవ్వులాట కాదు. తరాల తరబడి పస్తులున్నవాళ్ళ ఒళ్ళు, దొరికిన ముద్దను దాచుకోవడం నేర్చుకుంటుందని అంటారు. నువ్వు కాస్త తిన్నా లావెక్కుతావు చూడు, అందుకే కావచ్చు.”

“హమ్మయ్య. అయితే తప్పు మా తాతదన్నమాట. సాయంత్రం మా ఆవిడతో చెప్తాను, పాపం మూడు పూటలా నన్నే తిడుతోంది.”

వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. కానీ మూడు వారాలు తిరిగేసరికి నవ్వులు తగ్గాయి. ఒక ఫిట్టరు ఇరవై ఏళ్ళుగా మధ్యాహ్నం భోజనం కాగానే కడుపు పట్టుకుని కూర్చునేవాడు. అతనికి పాలు, పెరుగు మాన్పించింది. మొన్న వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, “ఇన్నేళ్ళూ నీ వంటనే తిట్టుకున్నాను బాబాయ్. తప్పు పాలదట. ఏమీ అనుకోకు” అన్నాడు. నేను తిట్లు తిన్నట్టు నాకే తెలియదు.

ఇంతవరకూ రాసి ఆపి, టీ పెట్టుకుని వచ్చాను. తరవాతిది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

మంగళవారం మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే తక్కెడ మేడం లోపలికి వచ్చి, “అందరివీ అయ్యాయి, మీదే మిగిలింది” అని నా ఎదురుగా కూర్చుంది. ఏం తింటారంటే అన్నీ తింటానన్నాను, తీపి తప్ప. పళ్ళు? ముట్టను. తేనె? నాకు నవ్వొచ్చింది. మా నాన్నకు నలభై తేనెపెట్టెలుండేవనీ, తేనెలవాడి కొడుక్కి తేనె చేదని నలుగురూ ఎగతాళి చేసేవారనీ చెప్పాను. ఆమె రాయడం ఆపింది.

“ఒకసారి నోరు తెరవండి.”

ఫోను లైటు వేసి చూసింది. “యాభై నాలుగేళ్ళకి ఒక్క పన్నూ పుచ్చలేదా?”

“మా ఆవిడ నాలో మెచ్చుకునేది అదొక్కటేనండి” అన్నాను.

ఆమె నవ్వలేదు. చిన్నప్పుడు తేనె తింటే ఏమయ్యేదని అడిగింది. కక్కేవాణ్ణి, చెమటలు పట్టేవి, చేతులు వణికేవి, బడికి ఎగనామం పెట్టడానికి వేషాలని నాన్న అనేవాడు అని చెప్పాను. అప్పుడామె వివరించింది. పళ్ళలో, తేనెలో, చక్కెరలో ఉండే ఒక రకం తీపిని అరాయించుకునే శక్తి కొందరి ఒంట్లో పుట్టుకతోనే ఉండదట. అది తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తుందట. ఆ తల్లిదండ్రులకు మాత్రం తేనె తాగినా ఏమీ కాదు, తమలో ఆ లోపం ఉందని కూడా తెలియదు. ఆ తీపి లోపలికి పోతే పిల్లలకి కాలేయం చెడుతుంది. కాస్త పెద్దయిన పిల్లలు తమంతట తామే తీపికి దూరంగా ఉంటారు, పెద్దవాళ్ళు దాన్ని మొండితనం అనుకుంటారు.

“మీరు మొండివాళ్ళు కాబట్టి బతికారు” అంది. తరవాత మళ్ళీ కలం అందుకుని, అందరినీ అడిగే మాటలాగే అడిగింది. “మీ ఇంట్లో పసిపిల్లలెవరైనా పోయారా?”

తమ్ముడు పోయాడన్నాను. ఆరు నెలలకి. కళ్ళు, ఒళ్ళు పచ్చబడి.

“అప్పటికి తీపి ఏమైనా పెట్టారా?”

“లేదు. జబ్బు పడేదాకా తల్లిపాలే.”

“అయితే ఇది కాదేమోలెండి. పాలలో ఉండే తీపి వేరు. తల్లిపాలు తాగినన్నాళ్ళూ ఇలాంటి పిల్లలు నిక్షేపంగా ఉంటారు. అవే వాళ్ళకి కాపు. తేనో చక్కెరో నోట్లో పడ్డాకే మొదలవుతుంది.”

ఆమె వెళ్ళిపోయాక పొయ్యి ముందుకెళ్ళి నిలబడ్డాను. సాయంత్రం షిఫ్టుకి ఏడు గిన్నెలూ వండాను, ఒక్కదాంట్లోనూ ఉప్పు వెయ్యలేదు. కొత్త పథకం కాబోలనుకుని ఎవరూ కిమ్మనలేదు. గున్న మాత్రం, “మా తాత ఇదే తిని ఉంటే పస్తే నయం అనుకునుంటాడు” అని గొణిగాడు. నాకు అప్పటికి గానీ ఉప్పు సంగతి తెలియలేదు.

నీ ఉత్తరం ఆ రోజంతా నా జేబులోనే ఉంది. సోమవారం వచ్చింది. చంటివాడు పాలు కక్కుతున్నాడనీ, తల్లి దగ్గర మాన్పించి చక్కెర నీళ్ళు పట్టమన్నాననీ నువ్వు అందులో రాశావు. బుధవారం పొద్దున్నే చెల్లికి ఫోను చేశాను. ఒక్కపూట పట్టారట. పరీక్ష చేయించేదాకా తీపి చుక్క కూడా వద్దని చెప్పాను, ఆపేస్తామంది. కానీ తల్లిపాల విషయంలో నిన్ను ఆపడం తన వల్ల కావట్లేదంది.

“పిల్లాడు కక్కింది రెండు చుక్కలు అన్నయ్యా. చంటివాళ్ళు కక్కరా? డాక్టరు కూడా ఏం లేదన్నాడు. అమ్మ మాత్రం తల్లీబిడ్డల గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూచుంది. పాలిస్తే తను ముద్ద ముట్టనంటోంది. నిన్నటి నుంచి మంచినీళ్ళే. ‘నా పాలు తాగి ఒకడు పోయాడు, నా రక్తమే దాని ఒంట్లోనూ ఉంది’ అంటోంది. మా అమ్మాయి ఆవిడ కన్నుగప్పి, పిల్లాణ్ణి ఎత్తుకుని దొడ్డిగుమ్మంలోంచి పక్కింటికి పోయి పాలిచ్చి వస్తోంది, దొంగతనం చేసినట్టు. ఎన్నాళ్ళు ఇట్లా? నువ్వు చెప్తే వింటుంది అన్నయ్యా.”

చెప్తాను అన్నాను. పెట్టేశాను.

అమ్మా, నాన్న మమ్మల్ని పొద్దున్నే పెరటి అరుగు దగ్గర నిలబెట్టేవాడు గుర్తుందా. పిన్ని పిల్లలు ఇద్దరూ, నేనూ. తలా ఒక పెద్ద చెంచా తేనె. మింగి, నోరు తెరిచి చూపించి, చెంచా ఆయన చేతికిచ్చి బడికి వెళ్ళాలి. నాకు ఏడేళ్ళు. మింగితే మధ్యాహ్నందాకా ప్రాణం పోయేది. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. నాన్న ముందు వాళ్ళిద్దరికీ పోసి, చివర నాకు పోసి, సీసా మూత పెట్టడానికి అటు తిరిగేవాడు. నేను చెంచాతో సహా వెనక గదిలోకి జారుకునేవాణ్ణి. అక్కడ ఉయ్యాల్లో తమ్ముడు ఉండేవాడు. వాడి నోట్లో ఆ తేనె కొంచెం కొంచెంగా జార్చేవాణ్ణి. వాడు చప్పరించేవాడు. తరవాత మొహం వికారంగా పెట్టి నా వైపు చూసేవాడు. మిగిలింది నా పెదాలకి రాసుకుని వెళ్ళి నాన్నకు చెంచా ఇచ్చేవాణ్ణి.

ఎనిమిది రోజులో, పది రోజులో.

చెడు చేస్తున్నానని నాకు తెలియదు. తేనె మంచిదని ఇంట్లో అందరూ అనేవారు. నా వంతు మంచిది వాడికి పెడుతున్నాననే అనుకున్నాను. నాన్నకు తెలిస్తే కొడతాడని ఎవరికీ చెప్పలేదు. వాడు పోయాక కూడా, తేనె ఎగ్గొట్టానన్న భయమే తప్ప మరొక భయం నాకు లేదు. నలభై ఏడేళ్ళుగా అది నాకు ఒక చిన్న దొంగతనం. మంగళవారం మధ్యాహ్నం నుంచి అది వేరే ఏదో. దానికి ఏం పేరు పెట్టాలో తెలియడం లేదు.

వాడు కక్కడం మొదలుపెట్టాక మేనత్త వచ్చి, నీ పాలే విషం అంది. నాన్న తల వంచుకున్నాడు. నువ్వు పాలు మాన్పించి, ఛాతీకి గుడ్డ బిగించి కట్టుకుని, పాలు పెరట్లో పిండి పారబోసేదానివి. నేను చూశాను. అత్త చెప్పిందని వాడికి తేనె నీళ్ళు పట్టారు. ఇది చదివాక అది నీకు గుర్తొస్తుందని నాకు తెలుసు. గుర్తు రానీ, కానీ ఒకటి విను. నువ్వు తేనె నీళ్ళు పట్టేనాటికే వాడి కళ్ళు పచ్చబడ్డాయి. మొదటి చెంచా నాది. నీ పాలు వాణ్ణి ఆరు నెలలు కాపాడాయి. తరవాత చెల్లి పుడితే దాన్ని ఒక్కరోజు కూడా రొమ్ముకు ఆనించుకోకుండా మేకపాలతో పెంచావు. అది ఏడుస్తుంటే నువ్వు చెవులు మూసుకుని బావి దగ్గర కూర్చునేదానివి. అదీ చూశాను.

బుధవారం తక్కెడ మేడంకి ఉన్నది చెప్పాను. ఏడేళ్ళ పిల్లాడి తప్పు కాదండీ అంది. తప్పో కాదో నేను తేల్చలేను, ఆమె కూడా తేల్చలేదు. చంటివాడి గురించి అడిగాను. ఆ లోపం వాడికి వచ్చి ఉండే వీలు చాలా తక్కువట, అయినా రక్తపరీక్ష చేయించమంది. అక్కడి ఆస్పత్రి పేరు, పరీక్ష పేరు చెల్లికి పంపాను. అప్పటిదాకా వాడికి తల్లిపాలే. ఆపాల్సిన పని లేదు, ఆపకూడదు కూడా. ఈ మాట నేను ఒట్టిగా చెప్తే నువ్వు నమ్మవు. అందుకే మిగతాదంతా రాసి, రేపటికే నీకు అందేలా కొరియరులో పంపాల్సి వచ్చింది.

ఉత్తరం మడిచిపెట్టి ఆ కుర్చీ గుమ్మంలోంచి తియ్యి. లోపలికి వెళ్ళి చంటివాణ్ణి నీ చేతుల్తో ఎత్తి వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టు. వాడు తాగుతున్నంతసేపూ అక్కడే కూర్చో, లేచిపోకు. తరవాత నువ్వు ఏదైనా తిను. నన్ను ఏమనాలో ఆ తరవాత ఆలోచించుకోవచ్చు. ఏమన్నా పడతాను. ఏమీ రాయకపోయినా నాకు అర్థమవుతుంది.

ఇట్లు,
నీ ఇద్దరు కొడుకుల్లో మిగిలినవాడు.