ఆరోగ్యవంతురాలిని మళ్లీ పరీక్షించాలని

హార్లన్ ఫెర్రీ, ఇల్లినాయి
1931 మార్చి 9

రాష్ట్ర కార్మిక విచారణాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: గడియారపు ముఖాలకు రంగు వేసిన పనివారికి కంపెనీ జరిపిన రేడియం పరీక్ష చెల్లదనియు, నాతో పోల్చి చూసిన ఆరోగ్యవంతురాలిని తిరిగి పరీక్షింపవలసినదనియు మనవి.

విల్మా హెర్బ్‌స్ట్ అను నేను, వయసు ఇరవై ఎనిమిది, పై ఊరి గడియారాల కంపెనీలో ఆరు సంవత్సరములు అంకెలకు చీకట్లో మెరిసే రేడియం రంగు వేసి, కాలు కుంటుపడిన కారణమున తొలగింపబడినదానను. తమకిది నా నాలుగో అర్జీ. మొదటి మూడూ చేరాయో లేదో తెలియదు. చేరి ఉంటే పక్కన పెట్టేయండి. అవి నా గురించి రాసుకున్నవి.

1. కుంచె మొన సన్నబడేందుకు పెదాల మధ్య పెట్టి తిప్పవలెనని మాకు కంపెనీవారే నేర్పియున్నారు. మా మీద అజమాయిషీ చేసే గార్వీ గారు "మింగినా ఏం కాదే, బుగ్గలు ఎర్రబడతాయి" అనేవారు. బుగ్గల మాట దేవుడెరుగు, కింది దవడ పళ్లు ఐదు ఊడినవి. వివరాలు పాత అర్జీలలో కలవు.

2. గత అక్టోబరులో కంపెనీ డాక్టరు పెల్ గారు మాకు పరీక్ష జరిపియున్నారు. సీసాలోకి ఊపిరి వదలాలి. ఆ ఊపిరిని ఒక పరికరంలోకి ఎక్కిస్తే అందులోని బంగారు రేకు వాలుతుంది. ఎంత త్వరగా వాలితే ఒంట్లో రేడియం అంత ఎక్కువ. పోల్చి చూడటానికి కుంచె ముట్టని ఆరోగ్యవంతురాలు కావాలని, ఆఫీసులో టైపు కొట్టే మా చెల్లెలు టిల్లీని కూర్చోబెట్టారు. రెండు సార్లూ రేకు ఇంచుమించు ఒకే సమయానికి వాలింది. "చూశావుగా అమ్మాయ్, మీ ఇద్దరికీ తేడా లేదు. మీ చెల్లెలు గుండ్రాయిలా ఉంది, అంటే నీకూ ఏమీ లేదన్నమాట" అన్నారు డాక్టరు గారు. కాగితం మీద కూడా 'తేడా లేదు' అనే రాశారు. అది నిజమే. నేను కాదనడం లేదు.

3. ఇంటికి నడుస్తూ టిల్లీ, "చెప్పానా అక్కా? పళ్ల డాక్టరుతో పోయేదానికి ఊరంతా హడలగొట్టావు" అంది. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే ఎదురుగా కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది. అప్పుడు తెలిసింది నాకు, రేకు ఎందుకు వాలిందో.

4. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదు. పని పోయేదాకా, నాలుగేళ్లపాటు ప్రతి శనివారం గిన్నె అడుగున మిగిలిన రంగు చిన్న సీసాలో పోసి జేబులో వేసుకొచ్చి టిల్లీ పది గోళ్లకూ వేశాను. చర్చి హాల్లో డాన్సులప్పుడు దీపాలు తగ్గిస్తే ఆ చేతులు ఒక్కటే కనబడేవి. దానికి నాలుగో ఏటి నుంచీ గోళ్లు కొరికే జబ్బు. అమ్మ ఆవాల ముద్ద పూసినా మానలేదు. నా రంగునూ కొరికి, "మట్టి రుచిగా ఉందే ఇది" అనేది. పూత పాడుచేస్తున్నావని తిట్టి, మళ్లీ వేసేదాన్ని.

5. రంగు ఇంటికి తేవడం దొంగతనమని కంపెనీ గోడ మీద రాసి ఉన్నది. "ఈ ముక్క పైకి వచ్చిందంటే కంపెనీ మీద నీ కేసు అక్కడితో సరి, తల్లీ" అన్నాడు మా ప్లీడరు. సరే పోనీ. నా దవడ సంగతి చెప్పడానికి నాకు ఏ రేకూ అక్కర్లేదు.

6. టిల్లీకి పై పన్ను ఒకటి కదులుతోంది. డాక్టరుకి చూపించుకోమంటే, "నేను ఆరోగ్యవంతురాలినని కాగితమే ఉందిగా" అంటుంది. ఆ కాగితం అద్దం పక్కన అంటించుకుంది.

కావున దయచేసి టిల్లీ హెర్బ్‌స్ట్‌ను, మా కంపెనీ గుమ్మం తొక్కని ఏ పాలమ్మే మనిషితోనో, ఏ రైతు భార్యతోనో పోల్చి, కంపెనీవారిది కాని పరికరంతో తిరిగి పరీక్ష చేయించవలసినదిగా ప్రార్థన. పై దొంగతనము నాదేనని ఒప్పుకుని సంతకం చేయుచున్నాను. ఈ ఒక్క మనవి చిత్తగించండి, ఇక తమను విసిగించను.

తమ విధేయురాలు,
విల్మా హెర్బ్‌స్ట్

తా.క. మునుపటి అర్జీలు టిల్లీయే టైపు కొట్టి పెట్టింది. ఇది మాత్రం చేత్తో రాశాను, వంకర అక్షరాలు మన్నించాలి. జవాబు ఇంటికి పంపవద్దు, టపా అదే తీస్తుంది. చర్చి ఫాదరు గారి పేరున పంపండి. దానికి నేనే చెప్పాలి. ఐదు నెలలుగా రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటున్నాం, చెప్పలేక తమకు రాస్తున్నాను. పరీక్షకి ఒక తేదీ వేసి పంపండి అయ్యా. తేదీ పడితే చెబుతాను.