పదిహేడో నంబరు డిస్క్

మనవరాలా,

నువ్వు టీవీలో పెట్టిచ్చిన నెట్ బాగానే పనిచేస్తోంది. నిన్న మా పాత సినిమా చూశాను. ఎక్కడా ఆగకుండా రెండు గంటల ఇరవై నిమిషాలకు అయిపోయింది. మన ఇంట్లో అది రెండున్నర గంటల సినిమా.

పెళ్లి పాట మధ్యలో డిస్క్ ఆగిపోయేది. మీ తాతయ్య ఉన్నన్నాళ్లూ లేచి, దాన్ని చొక్కా అంచుతో తుడుస్తూ, "కంగారుపడకోయ్, పెళ్లి ఆగదులే" అనేవారు. ప్రతిసారీ అదే మాట. నేను ఒక్కసారీ నవ్వలేదు.

పాత సామాను కొట్టులో ఇచ్చేస్తానని నువ్వు తీసుకెళ్లిన పెట్టెలో అది పదిహేడోది. అట్ట మీద నంబరు ఉంది. ఇచ్చేసేలోపు అదీ, ప్లేయరూ వెనక్కి తెచ్చిపెట్టు. మిగతా నలభై రెండూ ఇచ్చేయ్.

గీతలు పడ్డాయని కొత్తది కొనుక్కురాకు. దాంట్లో పది నిమిషాలు తక్కువ వస్తాయి.

మీ నాయనమ్మ