లోపలి బెల్ట్‌లో సున్నా

మార్చి 3
సున్నా వచ్చింది. నా కోడ్‌లోనే ఏదో తప్పుంటుందని టీ తాగి వచ్చి మళ్ళీ రన్ చేశాను. మళ్ళీ సున్నా.

మార్చి 4, ఉదయం 10:20
కోడ్‌లో తప్పు లేదు.
భూమి చుట్టూ రెండు రేడియేషన్ బెల్టులు. లోపలిదాంట్లో అధిక శక్తి ఎలక్ట్రాన్లు దండిగా ఉన్నాయని ఇరవై రెండేళ్ళ క్రితం మా ల్యాబ్ పెద్దాయన పేపర్ రాశారు. అది చదివే నేను ఈ ల్యాబ్‌కొచ్చాను. మా కొత్త శాటిలైట్ మాత్రం అక్కడ ఏమీ లేవంటోంది. అంటే అప్పట్లో ప్రోటాన్లు డిటెక్టర్ గోడ చీల్చుకొచ్చి ఎలక్ట్రాన్ల లెక్కలో చేరిపోయాయన్నమాట. కొత్తదాంట్లో అలా చొరబడ్డవాటిని లెక్కపెట్టడానికే ఒక చానెల్ వేరే ఉంది. మేం దాన్ని దొంగల చానెల్ అంటాం. దొంగల్ని తీసేస్తే ఇక మిగిలిందేమీ లేదు.
పెద్దాయన ఈ నెల ఇరవైన రిటైరవుతున్నారు. ఆ రోజు ఆయన మాట్లాడబోయేది ఆ పేపర్ మీదే.

మార్చి 6
పెద్దాయనకి ఇంకా చెప్పలేదు.

మార్చి 9
కారిడార్‌లో ఎదురుపడి, లోపలి బెల్ట్ గ్రాఫ్ ఎంతవరకొచ్చిందమ్మాయ్ అని అడిగారు. డిటెక్టర్ కాలిబ్రేషన్ ఇంకా నడుస్తోంది సార్ అన్నాను. అబద్ధం.
మావారితో చెబితే, ఆయన రిటైరయ్యాక చెప్పొచ్చుగా, ఇప్పుడేం కొంపలు మునిగిపోయాయి, ఆ ఎలక్ట్రాన్లు ఎక్కడికీ పోవుగా అన్నారు. అసలుంటేగా పోవడానికి! నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది.

మార్చి 13
దొంగల చానెల్ పెట్టాలని ఎవరికి తోచిందా అని పాత డిజైన్ ఫైళ్ళు తిరగేశాను. బరువెక్కువవుతోంది, దాన్ని తీసేద్దామని ఇంజనీర్లు మూడుసార్లు రాశారు. మూడుసార్లూ పక్కన పచ్చ ఇంకుతో ఒకటే జవాబు. తీయొద్దు, నా పాత లెక్క మీద నాకే నమ్మకం లేదు అని.
ఈ ల్యాబ్‌లో పచ్చ ఇంకు వాడేది పెద్దాయన ఒక్కరే. తేదీ పదకొండేళ్ళ కిందటిది.

మార్చి 14, ఉదయం 9:05
గ్రాఫ్ పెద్దాయన బల్ల మీద పెట్టాను. చాలాసేపు చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఎప్పుడొచ్చిందిది అన్నారు. మూడో తారీఖున అన్నాను. నేను పదకొండేళ్ళుగా దీనికోసం చూస్తుంటే, నువ్వు పదకొండు రోజులు కడుపులో దాచుకున్నావా పిచ్చిదానా అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నారు.
సిగ్గేసింది. ఈయన నిజాన్ని తట్టుకోలేరని నేనెలా అనుకున్నాను?

మార్చి 20
పెద్దాయన వీడ్కోలు ప్రసంగం. మొదటి స్లైడ్‌లో ఆయన పాత గ్రాఫ్. రెండోదాంట్లో నాది, నా పేరుతో. వెనక వరసలోంచి ఎవరో, మరి అప్పుడు మీరు కొలిచిందేమిటండీ అని అడిగారు. మా డిటెక్టర్ గోడ ఎంత పల్చనో కొలిచామండీ అన్నారు పెద్దాయన. హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా.

ఏప్రిల్ 2
పెద్దాయన ఇంటి నుంచి ఫోన్ చేశారు. ఇవాళ ఎంతమ్మాయ్ అన్నారు. సున్నా సార్ అన్నాను. ఇంకోసారి చూడు అన్నారు.
చూశాను.