నాయన కోసం ఎంచిన గాలం కర్ర

పోలింగ్ రోజు, గుడియాత్తం

ఓట్ల కోసం మా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి సెలవిచ్చారు. పొద్దున్నే ఓటేసి, నాయనను పొన్నై ఏటికి తీసుకెళ్లాను. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక ఆయన గాలం పట్టడం ఇదే మొదటిసారి.

నిన్న వేలూరులో అంగడాయన కొరమేనుకని ఒక బరువైన కర్ర, జిలేబి చేపలకని ఒక సన్నటి కర్ర చూపించాడు. "అన్ని చేపలకీ ఒకటే కావాలన్నా. అదీ ఒంటిచేత్తో పట్టేటట్టు ఉండాల," అన్నాను. కొస మెత్తగా వంగి, మొదలు గట్టిగా ఉన్నది దొరికేదాకా ఒక్కొక్కటీ ఎడమచేత్తో విసిరి చూశాను.

ఏట్లో ముందు రెండు జిలేబీలు పడ్డాయి. తర్వాత కర్ర ఒక్కసారిగా విల్లులా వంగింది. నేను పట్టుకోబోతే నాయన కసిరాడు.

"చెయ్యి తియ్యమ్మా! నేనుండాను గదా!"

కర్రను చంకలో ఇరికించుకుని, వెనక్కి నడుస్తూ, మోచేతంత కొరమేనును ఆయనే గట్టెక్కించాడు.

"కర్ర యాడ కొన్నారు పెద్దాయనా?" అని పక్కనున్నవాళ్లు అడిగారు.

"నాకేం తెలుసు? నా కూతురు ఎంచినాది," అన్నాడు నాయన. ఆ మాట బస్సులో ఇంకో ముగ్గురికి కూడా చెప్పాడు.

వచ్చే ఆదివారం ఒక్కడే పోతాడట. జారిపడితే ఎవరు చూస్తారోనని భయంగా ఉంది. అయినా కర్రను తుడిచి, ఆయన ఎడమచేతికి అందేటట్టు మంచం పక్కనే ఆనించి పెట్టాను.